లోకేశ్వరి పిల్లలు

భానుచందర్ రెండో పెళ్లి చేసుకుని లోకేశ్వరిని ఇంటికి తీసుకొచ్చిన మధ్యాహ్నం, ఆమె ఇంకా సంచి కూడా విప్పకముందే నాలుగేళ్ల చిన్నబ్బ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏయ్, నువ్వెవురు? మా ఇంట్లో ఎందుకు కూర్చున్నావు? లెయ్!"

గదిలో ఉన్న ఆడవాళ్లందరం నవ్వాం. లోకేశ్వరి నవ్వలేదు. కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఇది నీ కుర్చీనా? తెలీక కూర్చున్నానప్పా. యాడ కూర్చోమంటావో నువ్వే చెప్పు."

ఇంతవరకూ వాణ్ని ఎవరూ ఏదీ అలా అడిగి ఉండరు. గదంతా ఒకసారి కలియజూసి, కిటికీ కింద పరిచిన చాపను చూపించి "ఆడ" అన్నాడు. ఆమె పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుని వెళ్లి ఆ చాప మీదే కూర్చుంది.

శ్రీకాళహస్తిలో పానగల్ వైపున్న ఆ వీధిలో మేం వాళ్ల ఎదురింట్లో అద్దెకుంటున్నాం. భానుచందర్‌కు బోరు మోటార్లకు వైండింగు కట్టే షాపు ఉంది. మంచివాడు. గట్టిగా మాట్లాడటం కూడా తెలియదు. మొదటి భార్య మోహన వానల కాలంలో విషజ్వరం వచ్చి వారం తిరక్కుండానే పోయింది. అప్పటికి కోమలికి నాలుగేళ్లు. చిన్నబ్బకు ఇంకా సరిగా మాటలు రాలేదు.

ఆ తర్వాత రెండేళ్లపాటు ఆ పిల్లల్ని వీధే పెంచింది. ఎవరింట్లో వంటయితే వాళ్లింట్లో తిన్నారు. పక్కింటి చంద్రకాంతమ్మ గారి ఫ్రిజ్జు తెరిచి పెరుగు గిన్నెలో చెయ్యి పెట్టి నాకినా ఆమె ఒక్క మాట అనలేదు. మా ఇంట్లో బురద కాళ్లతో మంచమెక్కి గంతులేస్తే, మా అబ్బాయినైతే వీపు విమానం మోత మోగించేదాన్ని, వాళ్లని మాత్రం ఏమీ అనకుండా దుప్పటి మార్చేదాన్ని. చిన్నబ్బ వాళ్ల నాయన్ని "ఒరే భానూ" అని పిలుస్తుంటే పడీపడీ నవ్వుకునేవాళ్లం. పైగా పిల్చినప్పుడల్లా చేతిలో ఒక బిస్కెట్టు పెట్టేవాళ్లం. 'పాపం, తల్లి లేని బిడ్డలు' అన్న మాట మా అందరి నోళ్లలో ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఆ ఒక్క మాట అనేశాక వాళ్లు చేసే ఏ తప్పూ తప్పుగా కనపడేది కాదు.

అలాంటి ఇంటికి వచ్చింది లోకేశ్వరి. ఆమెది సత్యవేడు దగ్గర పల్లె. తడ పక్కన ఒక కంపెనీలో చాలా ఏళ్లు పని చేసింది. పక్షవాతం వచ్చి మంచాన పడ్డ తల్లికి అన్నీ తనే చేస్తూ, షిఫ్టు దిగి ఇంటికి, ఇంట్లోంచి షిఫ్టుకు తిరుగుతూ ముప్పై దాటిపోయింది. తల్లి పోయాక అన్న ఈ సంబంధం చూశాడు. చూడ్డానికి వెళ్లినప్పుడు ఆమె భానుచందర్‌తో చెప్పిన మాట ఆయనే మా ఆయనకు చెప్పాడు.

"పిల్లోళ్లకు వండి పెట్టేదానికే అయితే వంటమనిషిని పెట్టుకోండి. తప్పు చేస్తే తప్పని చెప్పనిస్తే వస్తాను. చెయ్యి మాత్రం ఎత్తను. ఆ మాట నేనిస్తాను, ఈ మాట మీరియ్యండి."

ఆయన ఇస్తానన్నాడు. ఆ మాట నిలబెట్టుకోవడం ఎంత కష్టమో అప్పటికి ఆయనకు తెలియదు.

వచ్చిన కొత్తలో లోకేశ్వరి పిల్లల్ని ఏమీ అనలేదు. చంద్రకాంతమ్మ గారు గోడ అవతలి నుంచి హెచ్చరిస్తూనే ఉండేది.

"జాగ్రత్తమ్మే. కన్నతల్లి కొడితే ఎవురూ సూడరు. నువ్వు కసిరితే సాలు, వీధంతా నీ గడపలో ఉంటాది."

"తెలుసు పెద్దమ్మా" అనేది లోకేశ్వరి.

ఏమీ అనలేదంటే ఏమీ చెయ్యలేదని కాదు. ఆమె అడగడం మొదలుపెట్టింది. కోమలి బొమ్మల డబ్బా జరపాలంటే "దీన్ని పక్కన పెట్టొచ్చునా పాపా?" అని అడిగేది. చిన్నబ్బ స్నానాలగదిలో ఉంటే తలుపు తట్టి, "నేను లోపలికి రావొచ్చునా?" అనేది. మంచినీళ్లు కావాలంటే "చిన్నబ్బా, ఒక గ్లాసు నీళ్లు తెచ్చిస్తావా?" అనేది.

"తేను పో" అనేవాడు.

"సరే" అని తనే లేచి వెళ్లి తాగేది. కోపం లేదు, బతిమాలడం లేదు. మళ్లీ మర్నాడు అదే అడగడం. ఒకరోజు వాడు సగం ఒలకబోసుకుంటూ గ్లాసు తెచ్చి ఆమె ముందు టక్కున పెట్టి పారిపోయాడు. "తెచ్చిచ్చినావా! మంచిదప్పా" అని వాడి వెనకాలే కేకేసింది. తలుపు చాటున ఆగి వాడు ఆ మాట విన్నాడు. ఇంకో గ్లాసు తెచ్చాడు. ఆ సాయంత్రం ఆమె చాలా నీళ్లు తాగాల్సి వచ్చింది.

కోమలి అంత సులువుగా లొంగే రకం కాదు. ఆరేళ్ల పిల్లే గాని చూపు పెద్దవాళ్ల చూపు. కొత్తగా వచ్చిన ఈ మనిషిని ఏమని పిలవాలో తేల్చుకోలేక ఏమనీ పిలిచేది కాదు. "అమ్మా అని పిలువు" అని భానుచందర్ అంటే లోకేశ్వరే అడ్డుపడింది. "చిన్నమ్మా అని పిలిస్తే చాలు. అది కూడా నోటికొచ్చినప్పుడే" అంది. చిన్నబ్బ నోటికి అది వెంటనే వచ్చింది. కోమలి మాత్రం ఏం కావాలన్నా దగ్గరికొచ్చి కొంగు లాగేది, అంతే.

ఒక సాయంత్రం ఉప్పుకోసం లోకేశ్వరి వీధి చివరి అంగడికి వెళ్లింది. అప్పటికే అక్కడ కోమలి ఉంది, ఈమెను చూడలేదు. గాజు సీసాల మీద గడ్డం ఆనించి, ముఖం దీనంగా పెట్టి, అంగడాయనతో అంటోంది.

"మాకు అమ్మ లేదు కదా మామా. సచ్చిపోయింది కదా. నాకొక క్రీమ్ బన్ను ఇయ్యవా?"

అంగడాయన చొచ్చొచ్చొ అంటూ బన్ను తీసి ఇచ్చాడు. ఇస్తూ తలెత్తితే లోకేశ్వరి కనపడింది. ఆయన చూసిన చూపు ఎలా ఉందో తర్వాత మా అరుగు మీద కూర్చుని చెప్పింది ఆమె. "పిల్లకు తిండి పెట్టకుండా మాడ్చేదాన్ని సూసినట్టు సూసినాడక్కా." బన్నుకు డబ్బులిచ్చి, ఉప్పు సంగతి మరిచిపోయి, కోమలి చెయ్యి పట్టుకుని ఇంటికొచ్చింది.

ఇంటికొచ్చి వంటింట్లో నేల మీద కూలబడింది. కోమలి గుమ్మంలో నిలబడి బన్ను తినకుండా చేతిలో నలుపుతోంది. ఎప్పుడు అరుస్తుందా అని చూస్తోంది.

"కోమలీ, బన్ను కావాలంటే నన్నడుగు, మీ నాయన్నడుగు. కొనిస్తాం. లేదంటే లేదని చెప్తాం. మీ అమ్మను చూపించి అడగబాక. బన్నుకు ఇచ్చేసే మనిషినా మీ అమ్మ?"

కోమలి బన్నును గుమ్మం పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా, కోపంగా కూడా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"మా అమ్మ నీకు తెలుసా? నువ్వు సూడనే లేదు కదా."

లోకేశ్వరి "చూడలేదు పాపా. నాకు తెలీదు" అని ఒప్పుకుంది.

ఆ మాట ఆమెను వదల్లేదు. గోడ మీద మోహన ఫోటో ఉంది, రోజూ పూలు పెడుతోంది. కాని ఆ మనిషి ఎలాంటిదో అడిగితే భానుచందర్ కళ్లనీళ్లు తిరిగి బయటికి వెళ్లిపోతాడు. ఈ లోపలే ఇంకో గొడవ వచ్చి పడింది.

ఆదివారం పొద్దున. దోసె చిరిగిందని చిన్నబ్బకు కోపం వచ్చి మొదట అలిగాడు. తట్టలో అన్నం కలిపి పెడితే దాన్ని కాలితో తన్నాడు. అన్నం గదంతా చెదిరిపోయింది. ఇంతకుముందు ఇలాంటివి జరిగితే ఆమె మౌనంగా ఊడ్చేసేది. ఆరోజు ఊడ్వలేదు.

"రా చిన్నబ్బా, ఇద్దరం ఏరుదాం. నువ్వు ఆ పక్క, నేను ఈ పక్క."

వాడు ఏడ్చాడు, గోడకు ఆనుకుని మొండికేశాడు. ఆమె వాడికెదురుగా నేల మీద కూర్చుని ఏరుతూనే ఉంది. కొంతసేపటికి వాడూ వెక్కుతూ వచ్చి కూర్చుని మెతుకులు ఏరడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే ఏర్పేడు నుంచి రాఘవమ్మ వచ్చింది. మోహన తల్లి ఆమె. వచ్చినప్పుడల్లా మనవళ్లకు క్యానులో పాలు తెస్తుంది. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆమెకు కనపడింది ఒకటే: ముక్కు కారుతూ, నేల మీద పాకుతూ, మెతుకులు ఏరుకుంటున్న మనవడు.

పాలక్యాను కిందపెట్టి ఆమె వీధిలోకొచ్చి పెట్టిన కేకలు మా ఇంట్లో మిక్సీ మోతను మించి వినపడ్డాయి.

"రాండమ్మా, అందరూ వచ్చి సూడండి! నా బిడ్డ మట్టిలో కలిసిపోయిందని నా మనవడితో నేల మీద మెతుకులు ఏరిపిస్తా ఉండాది! ఇందుకేనా అల్లుడా దీన్ని తెచ్చుకున్నావు?"

వీధంతా పోగయింది. లోకేశ్వరి ఏదో చెప్పబోయింది, ఎవరూ వినలేదు. చేతిలో ఇంకా నాలుగు మెతుకులు ఉన్నాయి. లోపల్నుంచి వచ్చిన భానుచందర్ అత్త వైపు, భార్య వైపు మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు. "అత్తా, అట్ల కాదు" అన్నాడు గాని, ఎట్లనో చెప్పలేకపోయాడు. పక్కన నిలబడి నేనూ ఏమీ అనలేదు. చంద్రకాంతమ్మ గారూ అనలేదు. బడికి సెలవులే కాబట్టి రాఘవమ్మ పిల్లలిద్దరి బట్టలూ మూట గట్టి ఏర్పేడు తీసుకెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ చిన్నబ్బ వెనక్కి తిరిగి "సిన్నమ్మా, టాటా" అన్నాడు. అవ్వ వాడి చెయ్యి గట్టిగా లాగింది.

ఆ రాత్రి భానుచందర్ తల దించుకుని, "నేను నోరు తెరవాల్సింది" అన్నాడట. "తెరవాల్సిందే" అందట ఆమె. అంతకు మించి సాధించలేదు.

ఇల్లు బోసిపోయింది. ఆ వారమంతా ఆమె బయటకు రాలేదు. నేను వెళ్తే మాట్లాడేది గాని కళ్లు పిల్లల చెప్పుల మీదే ఉండేవి. ఒకరోజు ఆయన షాపుకు వెళ్లాక తలుపు తాళం వేసి, తాళంచెవి నా చేతికిచ్చి, తిరుపతి బస్సెక్కి ఏర్పేడులో దిగింది. అక్కడ జరిగిందంతా తర్వాత ఆమే నాకు చెప్పింది.

రాఘవమ్మ పెరట్లో ఎనుములకు తవుడు కలుపుతోంది. ఈమెను చూసి మొహం అటు తిప్పుకుంది.

"పిల్లోళ్లను పిలుచుకోని పోవాలని వచ్చినావా? వాళ్లు రారు."

"పిలుచుకోని పోను పెద్దమ్మా. ఒక్క మాట అడిగి పోదామని వచ్చినాను."

"ఏం మాట?"

"మోహన ఎట్ల ఉండేది?"

తవుడులో తిరుగుతున్న చెయ్యి ఆగిపోయింది.

"నీకెందుకు?"

"కోమలి అడిగింది, మా అమ్మ నీకు తెలుసా అని. తెలీదని చెప్పినాను. ఎవుర్ని అడిగినా యా ఆస్పత్రిలో చేర్చినారు, ఏం మందులిచ్చినారు, ఎట్ల ప్రాణం పోయింది అదే చెప్తారు. ఆయమ్మ చచ్చిపోయిన కథంతా నాకు తెలుసు పెద్దమ్మా. బతికిన కథ చెప్పేవాళ్లే లేరు. ఆ ఇంట్లో ఉండేదాన్ని నేను, ఆ పిల్లోళ్లకు చెప్పాల్సిందాన్ని. నాకు తెలీకపోతే ఎట్ల?"

రాఘవమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, పశువుల కొట్టం గట్టు మీద కూర్చుంది. లోకేశ్వరి కాస్త దూరంగా రాతి మీద కూర్చుంది.

"మొండిది" అంది చివరికి. "శానా మొండిది. తలుపు మెల్లగా వెయ్యడం దానికి చేతయ్యేది కాదు. ధడేల్మనాల్సిందే. ఒక్క చోట కూర్చుని అన్నం తినేది కాదు, తట్ట పట్టుకోని వీధంతా తిరిగేది."

లోకేశ్వరికి నవ్వొచ్చింది. ఆపుకోలేదు. రాఘవమ్మ కూడా ఆపుకోలేదు. అక్కడి నుంచి ఇంక మాటలు ఆగలేదు.

"అయితే ఒకటుండాది. నిద్రపోయేవాళ్లను అరిచి లేపేది కాదు. ఎంత తొందరున్నా సరే, కాళ్ల దగ్గర కూర్చోని బొటనవేలు పట్టుకోని మెల్లగా ఊపేది. వాళ్ల నాయన్ను అట్లనే లేపేది, నన్నూ అట్లనే లేపేది. ఎవురూ నేర్పలే దానికి. ఇంకోటి, గిన్నెలో ఆఖరిది తీసుకునేది కాదు. వడైనా, చేప ముక్కైనా ఒకటి ఉండనిచ్చేది. ఎందుకే అంటే, ఎవురన్నా వస్తే? అనేది. ఎవురూ రాకపోతే కుక్కకేసేది."

"ఇంకా?"

"పెద్దోళ్లతో వాదులాడేది. వాదులాడి, గెలిచినాక, పోయి కాఫీ పెట్టకొచ్చి ఇచ్చేది." రాఘవమ్మ గట్టు మీది గడ్డిపరక తీసి తుంచింది. "ఒకనాడు కోపంలో అన్నం ఇసిరికొడితే నేను కట్టెతో కొట్టినాను. ఎనిమిదేండ్ల పిల్ల. వీపు మీద వాత తేలింది. నువ్వు కొట్టలేదు. వాడితోపాటు నువ్వూ ఏరినావు. అది నేను సూసినాను. సూసి కూడా అరిసినాను."

లోకేశ్వరి రాతి మీంచి లేచి వచ్చి గట్టు మీద ఆమె పక్కన కూర్చుంది.

"నిన్న మా మరిది వచ్చినాడు" అంది రాఘవమ్మ మళ్లీ. "చిన్నబ్బ పోయి ఆయన మొగానే, ఒరే బట్టతలోడా అనినాడు. అందరూ నవ్వినారు. నాకు నవ్వు రాలే. నా బిడ్డ ఉంటే వాణ్ని ఇట్ల ఉండనిచ్చేదా అనిపించింది. ఒక్కటియ్యాలని చెయ్యెత్తినాను. తల్లి లేనోడు కదా అని దించేసినాను. నా వల్ల కాదమ్మే."

అప్పుడు తలుపు వెనక నుంచి కోమలి బయటకు వచ్చింది. ఎప్పట్నుంచి అక్కడుందో. కళ్లు మెరుస్తున్నాయి.

"అవ్వా, మా అమ్మ తలుపు ధడేల్మని ఏసేదా?"

"ఏసేదే తల్లీ. ఈ ఇంటి తలుపు బందు అదే ఊడగొట్టింది."

"నేనూ ధడేల్మని ఏస్తానవ్వా!" అంది కోమలి గొప్పగా. ఆ రెండేళ్లలో తల్లి గురించి ఆ పిల్ల నవ్వుతూ మాట్లాడటం అదే మొదటిసారి. తర్వాత లోకేశ్వరి దగ్గరికి వచ్చి కొంగు పట్టుకుని, "సిన్నమ్మా, నువ్వు ఇన్నావా?" అని అడిగింది.

"విన్నాను పాపా" అంది లోకేశ్వరి.

మర్నాడు రాఘవమ్మే పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఇంట్లో దింపి ఊరుకోలేదు. నడివీధిలో నిలబడి, మొన్న అరిచిన గొంతుతోనే అరిచింది.

"చంద్రకాంతమ్మా, ఎదురింటమ్మా, అందరూ వినండి! మా పిల్లోళ్లు మీ ఇండ్లల్లోకి వచ్చి అడక్కుండా ఏదన్నా ముట్టుకుంటే నెత్తిన ఒక మొట్టికాయ ఎయ్యండి. పాపం పాపం అనబాకండి. వాళ్లకేం పాపం? నాయన ఉండాడు, అవ్వ ఉండాది, అదో, ఆ లోక ఉండాది. నేను అరిచింది తప్పు. ఇంక మీరు జాలిపడేది ఆపండి, మేము మర్యాద నేర్పించుకుంటాం."

చంద్రకాంతమ్మ గారు నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. మా ఇద్దరికీ తగిలింది ఆ మాట. ఆ వారం చిన్నబ్బ బురద కాళ్లతో మా మంచం ఎక్కబోతే, "కాళ్లు కడుక్కొనిరా నాయనా" అన్నాను. వాడు నన్ను వింతగా చూసి, కొళాయి దగ్గరకు వెళ్లి కడుక్కుని వచ్చాడు. చెప్పడం అంత తేలికని నాకు రెండేళ్లు తెలియలేదు.

అప్పట్నుంచి అన్నీ సాఫీగా సాగాయని కాదు. అమ్మలాగా గిన్నెలో ఆఖరిది ఉంచాలన్న మాట చిన్నబ్బకు మరీ బాగా నచ్చింది. తట్టలో ఆఖరి ముద్ద తినను, ఎవరన్నా వస్తే? అనేవాడు. బీరకాయ కూర చేసినరోజు మరీను. "అది గిన్నెలోదప్పా, నీ తట్టలోది కాదు. నీ ఎంగిలి ఎవురు తింటారు?" అని లోకేశ్వరి నచ్చజెప్పాల్సి వచ్చింది. చొక్కా గుండీల్లో కూడా ఒకటి పెట్టుకోకుండా వదిలేసేవాడు కొన్నాళ్లు.

అందరికంటే కష్టపడింది భానుచందర్. "ఒరే భానూ" అని పిలిస్తే పలకొద్దని, నవ్వొద్దని ఆమె చెప్పింది. పలక్కుండా ఉండగలిగాడు. నవ్వకుండా ఉండలేక సందులోకి వెళ్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి వచ్చేవాడు. కొడుకు పిలిచి పిలిచి విసుగెత్తి, "నాయనా! ఒరే నాయనా!" అన్నాడు. సగం దారి వచ్చాడు కదా అని ఆ సగానికి పలికాడు. ఇంకో నెలకు ఆ 'ఒరే' కూడా రాలిపోయింది.

ఆయనకూ ఒక పాఠం వచ్చి పడింది. షాపు నుంచి రాగానే గుమ్మంలోంచి "నీళ్లూ!" అని అరవడం ఆయనకు అలవాటు. ఒకరోజు అలా అరిస్తే కోమలి లెక్కలు చేసుకుంటూ తలెత్తి, "నాయనా, సిన్నమ్మ మమ్మల్ని అట్ల అడగదు" అంది. ఆయన చెప్పులు విప్పుతూ ఆగిపోయాడు. "లోకా, కాసిని నీళ్లిస్తావా?" అన్నాడు. వంటింట్లో ఉన్న ఆమె ఆ మాట విని కాసేపు అక్కడే ఆగి, ఆ తర్వాతే నీళ్లు తెచ్చిందట. ఈ సంగతి చెప్తూ ఆమె మా అరుగు మీద సిగ్గుపడింది.

మరో సంగతి కూడా ఆ అరుగు మీదే చెప్పింది. ఒక మధ్యాహ్నం తలనొప్పిగా ఉండి పడుకుందట. కోమలికి బడిలో ఏదో పాటల పోటీ, జడలు వేయించుకోవాలి, టైమైపోతోంది. అంతకుముందైతే "లెయ్, లెయ్" అని దిండు లాగేసేది. ఆరోజు ఎవరో కాళ్ల దగ్గర కూర్చున్నట్టయింది. చిన్న చెయ్యి ఒకటి బొటనవేలు పట్టుకుని మెల్లగా ఊపింది.

"మెలకువ వచ్చేసిందక్కా. అయినా కండ్లు తెరవలేదు. ఇంకొకసారి ఊపితే బాగుండునని పడుకున్నాను."

అంతవరకే చెప్పి చీరచెంగుతో ముఖం తుడుచుకుంది. నేను లోపలికి వెళ్లి ఇద్దరికీ టీ పెట్టుకొచ్చాను.

ఈ మధ్య ఆమె మళ్లీ ఉద్యోగంలో చేరింది. పాత కంపెనీయే, తడ వైపు. పిల్లలిద్దరూ బడికి వెళ్తున్నారు, ఇంట్లో ఒక్కదాన్నీ ఏం చెయ్యాలి అంది. భానుచందర్ జడలు వేయడం నేర్చుకున్నాడు. బాగా వెయ్యడు, వేస్తాడు. రాఘవమ్మ ఎనుములను మరిదికి అప్పగించి వచ్చి, నెలలో సగం రోజులు ఇక్కడే ఉంటోంది. ఆమె ఉన్నన్నాళ్లు వీధంతటికీ పాలూ తిట్లూ రెండూ దొరుకుతాయి.

చేరిన మొదటిరోజు తెల్లవారుజామున కంపెనీ బస్సు మెయిన్ రోడ్డు మీదికి వచ్చి ఆగింది. లోకేశ్వరి భుజాన సంచి, చేతిలో అన్నం క్యారియరు. నిద్ర కళ్లతోనే పిల్లలిద్దరూ అవ్వ చెయ్యి పట్టుకుని సాగనంపడానికి వచ్చారు. నేనూ పాలప్యాకెట్ల కోసం వచ్చి అక్కడే ఉన్నాను. ఆమె బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. కోమలి సంచిలో నీళ్ల సీసా ఉందో లేదో కిటికీలోంచి రెండుసార్లు అడిగి తెలుసుకుంది.

చిన్నబ్బ మాత్రం బస్సు ముందు నుంచి చుట్టి వెళ్లి డ్రైవరు తలుపు కింద నిలబడ్డాడు. పైకి చూస్తే డ్రైవరు ముఖం కనపడనంత ఎత్తు. తలుపు మీద వేలితో టకటక కొట్టాడు. డ్రైవరు తొంగిచూశాడు.

"అన్నా, లోపల మా సిన్నమ్మ ఉండాది. కొంచెం మెల్లగా పోతారా?"

డ్రైవరు నిద్రమొహం ఒక్కసారిగా విప్పారింది. "అట్లనే సార్. మెల్లగా పోతాను" అని స్టీరింగు మీద చెయ్యి పెట్టి తల ఊపాడు. చిన్నబ్బ పక్కకు తప్పుకున్నాడు. బస్సు కదిలింది. రోడ్డు ఖాళీగా ఉంది, వేగంగా పోవడానికి ఏ అడ్డమూ లేదు. అయినా మా కళ్లకు కనపడినంత దూరం ఆ డ్రైవరు బస్సును మెల్లగానే పోనిచ్చాడు.